మూడు పాఠాల అరబ్బీ

శుక్రవారం పొద్దున కృష్ణప్రసాద్ వేసుకున్న పథకంలో వృథా అయ్యే నిమిషం ఒక్కటి కూడా లేదు. ఎనిమిదిన్నరకి దోహాలో బయలుదేరాలి. తొమ్మిదింటికి ఉమ్ సలాల్‌లో కఫీల్ గారి తోట చేరాలి. తొమ్మిదింబావుకి సెలవు కాగితం మీద సంతకం, పదింటికి ఇల్లు, పదిన్నరకి సూట్‌కేసులు కట్టడం. చీరాలలో బట్టల కొట్టు నడిపిన తండ్రి దగ్గర పెరిగినవాడు. తానులో చివరి జానెడు ముక్క కూడా ఎందుకు మిగలాలి అని ఆలోచించడం అతనికి చిన్నప్పుడే అబ్బింది.

ఆ సంతకం లేకపోతే విమానం లేదు. ఖతర్‌లో కొలువు చేసేవాడు దేశం దాటాలంటే కఫీల్, అంటే తన పూచీ మీద అతన్ని తెచ్చుకున్న యజమాని, సరేనని సంతకం పెట్టాలి. నీటి పంపులు అమ్మే కంపెనీలో కృష్ణప్రసాద్ సేల్స్ ఇంజనీరు. ఆ కంపెనీ యజమాని అబూ నాసర్. తొంభై ఆరులో రంజాన్ పండగ ఫిబ్రవరిలో వచ్చింది. పండగకి ముందే సంతకం చేయించవలసిన మొహియుద్దీన్, అంటే ఆఫీసులో కాగితాల పని చూసే హైదరాబాద్ మనిషి, ఆ కాగితాన్ని వేరే ఫైల్లో పెట్టి మరిచిపోయాడు. గుర్తొచ్చేసరికి యజమాని పండగ సెలవులకి తోటకి వెళ్ళిపోయాడు. శనివారం సాయంత్రం విమానం. ఇండియాలో దిగిన తొమ్మిదో రోజున అరుంధతి తమ్ముడు సిద్ధార్థ్ పెళ్ళి.

"సంతకం దొరక్కపోతే ఏం చేస్తారు?" అంది అరుంధతి, స్టీలు డబ్బాలో సున్నుండలు సర్దుతూ.

"దొరుకుతుంది."

"దొరక్కపోతే?"

"నువ్వు ముందు వెళ్ళు. నేను తరవాత..."

"అక్కడ అందరూ అల్లుడుగారేరీ, అల్లుడుగారేరీ అంటారు. ఒక్కొక్కళ్ళకీ కూర్చోబెట్టి కఫీల్ అంటే ఏమిటో నేను చెప్పాలా? నేనూ వస్తున్నాను పదండి. మీరు రాకపోతే నేనూ పెళ్ళికి వెళ్ళను. ఆ మాట మా అమ్మకి మీరే ఫోన్ చేసి చెబుదురుగాని."

పెళ్ళికి వెళ్ళలేకపోవడం ఒక ఎత్తు, అత్తగారికి ఫోన్ చెయ్యడం ఇంకో ఎత్తు. కృష్ణప్రసాద్ రెండూ తూచి చూసుకుని, పర్సుకంటే ముందు కాగితం జేబులో పెట్టుకున్నాడు.

తప్పు చేసినవాడు సలహా ఇవ్వడంలో వెనకాడడు. ముందురోజే మొహియుద్దీన్ ఫోన్ చేసి దారి చూపించాడు. "చూడు ప్రసాద్ భాయ్, అబూ నాసర్ సాబ్‌ని సీదా పోయి పని అడిగితే నచ్చదు. ముందు కూసోవాలె, మంచిగ మాట్లాడాలె, ఆయన ఇల్లు తారీఫ్ చెయ్యాలె, మస్తుగున్నదనాలె. అది కూడా అరబ్బీల. ఆరేండ్లు నా దేశంల ఉండి నా భాష రానోనికి సంతకం ఎందుకు పెట్టాలె అంటడు. నడుమ మనిషిని పెట్టుకున్నవో, నీ పనైపాయె!"

ఆరేళ్ళలో కృష్ణప్రసాద్ ఇంజనీర్లతో ఇంగ్లీషూ, మిగతావాళ్ళతో చేతి సైగలూ వాడి నెట్టుకొచ్చాడు. మొహియుద్దీన్ పంపిన పన్నెండు పాఠాల అరబ్బీ పుస్తకం తిరగేశాడు. మొదటి పాఠం పలకరింపులు, రెండోది అంకెలు, మూడోది మెచ్చుకోలు. నాలుగు నుంచి ఆరు దాకా చుట్టాలు, కూరగాయలు, ఒంట్లో నలతలు. సంతకాలూ అర్జీలూ ఏడో పాఠంలో ఉన్నాయి. ఉమ్ సలాల్ అరగంట దారి. పాఠానికి పది నిమిషాలు వేసుకున్నా మూడే అవుతాయి. కాగితం ఎలాగూ చేతిలో ఉంది, దాన్ని చూపిస్తే చాలు, ఏడో పాఠం లేకపోయినా నష్టం లేదనుకున్నాడు.

కంపెనీ పికప్ తోలేది నర్సింలు. జగిత్యాల దగ్గర పల్లెవాడు, పదకొండేళ్ళ సర్వీసు. ముందు సీట్లో కృష్ణప్రసాద్, వెనక సీట్లో అరుంధతి, ఆ వెనక ట్రేలో డెలివరీ కావలసిన ఇనప పైపులు. ఊరు దాటేసరికి మూడో పాఠం మొదలైంది.

"హాదా జమీల్," అన్నాడు కృష్ణప్రసాద్ అద్దంలోంచి కనబడుతున్న ఎడారిని ఉద్దేశించి. "ఇది చాలా బాగుంది."

"జర సాగదీయుండ్రి సార్. జమీ...ల్. ఎనుక మాషా అల్లా కల్పుండ్రి. దిష్టి తీసినట్టు ఉంటది."

"నీకు బాగా వచ్చా?"

"పదకొండేండ్లాయె. రాకుంటె సైట్ల మీద ఎట్ల బతుకుత సార్? సంతకం నేనే అడుగుత తియ్యుండ్రి. రెండు ముక్కల పని."

కృష్ణప్రసాద్‌కి గుండెలో రాయి పడింది. డ్రైవరు గడగడా మాట్లాడుతుంటే పక్కన తను నత్తితో నిలబడడమా! బల్ల మీద మేలిరకం పరిచి దాని పక్కనే నాసిరకం పెట్టుకునే వ్యాపారి ఎవడైనా ఉంటాడా? "వద్దు," అన్నాడు. "అక్కడ నువ్వు నోరు విప్పడానికి వీల్లేదు. అసలు అరబ్బీ రానట్టే ఉండు."

"మీ ఇష్టం సార్."

ఉమ్ సలాల్ తోటలో అబూ నాసర్ లేడు. ఆయన అన్నగారు అబూ ఖాలిద్ ఉన్నాడు. తెల్లటి గడ్డం, తెల్లటి దుస్తులు, ఇంటికొచ్చినవాణ్ణి కూర్చోబెట్టకుండా పంపని మనిషి. అరుంధతిని సున్నుండల డబ్బాతో సహా ఆడవాళ్ళ వైపు తీసుకెళ్ళారు. మగవాళ్ళు పొడుగాటి గదిలో తివాచీ మీద కూర్చున్నారు. కృష్ణప్రసాద్ మొదటి పాఠం మొత్తం తప్పులేకుండా అప్పజెప్పాడు. అబూ ఖాలిద్ ముఖం వెలిగిపోయింది. సంబరంగా పది వాక్యాలు మాట్లాడాడు. అందులో కృష్ణప్రసాద్‌కి అందినవి రెండే ముక్కలు: నాసర్, అల్ రువైస్. యజమాని ఉత్తరపు కొసన సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి వెళ్ళిపోయాడన్నమాట. ఇంకా గంటంబావు ప్రయాణం.

వెంటనే లేస్తే మర్యాద కాదు. అన్నగారిని మెచ్చుకుంటే ఆ మంచిపేరు తమ్ముడి దాకా పోతుంది. ఎదురుగా పొడుగుముక్కు ఇత్తడి కాఫీ కూజా కనబడింది.

"హాదా జమీ...ల్, మాషా అల్లా!"

అబూ ఖాలిద్ కూజా వంక చూశాడు. కృష్ణప్రసాద్ వంక చూశాడు. అందులో కాఫీ వేరే పాత్రలోకి వంపించి, కూజా కడిగించి, తుడిపించి, తెచ్చి కృష్ణప్రసాద్ ఒళ్ళో పెట్టాడు.

వద్దన్నా వినలేదు. వచ్చిన అతిథికి ఏదో ఒకటి ఇచ్చి పంపడం వీళ్ళ ఆచారం కాబోలనుకున్నాడు కృష్ణప్రసాద్. అయితే పెద్దమనిషి కానుక ఇచ్చాక నోరు మూసుకుని కూర్చుంటే ఆశపోతు అనుకుంటారు. నాలుగు మంచిమాటలు చెప్పాలి. అతని దగ్గరున్న మంచిమాటలన్నీ మూడో పాఠంలోవే. ఈసారి చేత్తో తీసి ఇవ్వలేని వస్తువు చూసుకుని మెచ్చుకోవాలని, అందరూ కూర్చున్న తివాచీని తడిమాడు.

"హాదా జమీల్."

అందరినీ లేవమన్నారు. ఇద్దరు పనివాళ్ళు తివాచీ చుట్టారు. కృష్ణప్రసాద్ చెమటలు తుడుచుకుంటూ బయటకొచ్చాడు. అక్కడ కొట్టం ముందు నల్లటి మేక ఒకటి గడ్డి నములుతూ అతన్ని చూసింది. ప్రాణమున్న జీవాన్ని కూజాలాగా ఎవరిస్తారు? ఇంక ఇదే క్షేమం. మేకని చూపించి అదే మాట అన్నాడు.

నర్సింలు మాత్రం పెదాలు బిగించుకుని, ఎంతో బాధపడుతున్నవాడిలా కళ్ళు మూసుకున్నాడు.

మేకని తాడుతో సహా అప్పగించారు. అప్పటికి కృష్ణప్రసాద్‌కి సంగతి లీలగా అర్థమైంది. గుమ్మం దాటుతూ చివరి మెచ్చుకోలుగా చెయ్యెత్తి ఆకాశాన్ని చూపించాడు. అబూ ఖాలిద్ కూడా తలెత్తి ఆకాశాన్ని చూశాడు. అతిథి అడిగింది ఇవ్వలేకపోయినందుకు పెద్దగా నిట్టూర్చాడు.

"ఇక్కడ సుట్టం మెచ్చుకున్న వస్తువు సుట్టానిదే సార్," అన్నాడు నర్సింలు, బండి రోడ్డెక్కాక.

"ఆ మాట అక్కడ చెప్పొద్దూ!"

"నోరు ఇప్పద్దంటిరి గద సార్."

"తెలుగులో చెప్పొచ్చుగా!"

"గది మీరు జెప్పలే."

వెనక సీట్లో మేక అరుంధతి పక్కన దర్జాగా నిలబడి ఉంది. ట్రేలో పైపుల మధ్య వేస్తే కాళ్ళు విరుగుతాయని నర్సింలే లోపలికెక్కించాడు. తివాచీ చుట్ట అరుంధతి కాళ్ళ కింద, కూజా ఒళ్ళో.

"ఈపాటికి నేను పట్టుచీరలు మడతపెడుతూ ఉండాల్సింది," అంది. "మేక పక్కన కూర్చున్నాను. లోపల ఆడవాళ్ళకి సున్నుండలు పెట్టాను. డబ్బా ఖాళీగా ఇవ్వకూడదని ఖర్జూరాలు నింపి ఇచ్చారు. అంతటితో ఆగింది. ఎందుకు ఆగిందో తెలుసా? నాకు అరబ్బీ రాదు కనక."

"తిప్పు బండి. ఇవన్నీ వెనక్కిచ్చేద్దాం."

"అమ్మో! వాపస్ ఇస్తె ముఖం మీద కొట్టినట్టు సార్. గాయన తమ్మునికి ఫోన్ గొడ్తడు. ఇగ సంతకం సంగతి మర్శిపోవుడే."

"రేపు సాయంత్రం విమానం ఎక్కాల్సినవాళ్ళం," అంది అరుంధతి. "దీన్నేం చేస్తాం, ఫ్లాట్లో కట్టేసి కిందింటివాళ్ళకి తాళం ఇచ్చి వెళ్తామా? మీ కఫీల్‌కే ఇచ్చెయ్యండి. కానుక ఇచ్చినట్టూ ఉంటుంది, పీడా వదులుతుంది."

కృష్ణప్రసాద్ భార్యని కొత్తగా చూశాడు. ఒక్క దెబ్బకి రెండు లాభాలు. వ్యాపారం చేసిన ఇంట పుట్టింది తను, కానీ బేరం తెలిసింది ఆవిడకి. ప్రాణం కుదుటపడి, మిగిలిన పాఠాలు చదువుదామని సీటు మీద పెట్టిన పుస్తకం కోసం వెనక్కి చెయ్యి చాపాడు. అట్టా, మూడు పాఠాలూ చేతికొచ్చాయి.

"మిగతాది ఏదీ?"

అరుంధతి మేక నోటి వంక చూసింది. "నాలుగు నుంచి మొదలుపెట్టింది. ఇప్పుడు ఏడులో ఉంది."

అల్ రువైస్ చేరేసరికి మధ్యాహ్నం నమాజు అయిపోయింది. ఓడరేవుకి దగ్గర్లో అబూ నాసర్ ఇల్లు. పికప్ ఆగకముందే ఆయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. వెనక ఊరి పెద్దలు ఏడెనిమిది మంది. అన్నగారు ఫోన్ చేసేశాడు: మన కంపెనీ ఇండియా మనిషి వస్తున్నాడు, అరబ్బీ మాట్లాడతాడు, కళ్ళకి కనబడిన ప్రతిదాన్నీ దీవిస్తాడు, చివరికి ఆకాశాన్ని కూడా వదల్లేదు. ఆ వింత చూద్దామని వీళ్ళంతా వచ్చారు. ఆరేళ్ళలో అబూ నాసర్ కృష్ణప్రసాద్‌ని దూరం నుంచి మూడుసార్లు చూసి ఉంటాడు. ఇవాళ రెండు చేతులూ పట్టుకున్నాడు.

కృష్ణప్రసాద్ మొదటి పాఠం చెప్పి మేక తాడు ఆయన చేతికిచ్చాడు. పెద్దలందరూ ఒక్కసారిగా మాషా అల్లా అన్నారు. ఎవరో వచ్చి మేకని ఇంటి వెనక్కి తీసుకుపోయారు. హమ్మయ్య, ఒకటి తెమిలింది. మంచి సమయం మించిపోకుండా జేబులోంచి కాగితం తీయబోయాడు. అబూ నాసర్ ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసి వారించి, అతిథులు కూర్చునే మజ్లిస్ గదిలోకి నడిపించాడు. అరుంధతి లోపలికి వెళ్ళింది.

నర్సింలు గుమ్మం దగ్గర కూర్చుని, పైకప్పుని చూస్తూ, ఎండ గురించి మాట్లాడుకున్నట్టు తనలో తాను అన్నాడు: "తిన్నంక పని అంటుండు సార్. తెచ్చిన మేకను తెచ్చినోనికే పెడ్తరు. ఎనక కోస్తున్నరు."

కృష్ణప్రసాద్ ఇంట్లో మూడు తరాలుగా కోడిగుడ్డు గడప తొక్కలేదు. అరుంధతి ఇంట్లో అయితే ఉల్లిపాయకి కూడా కార్తీకమాసంలో ప్రవేశం లేదు. తింటే ఇంటికి వెళ్ళే ముఖం లేదు. తినకపోతే సంతకం లేదు, ఇంటికి వెళ్ళడమే లేదు.

మేక ఉడికేదాకా రెండు గంటలు. ఆ రెండు గంటలూ కాఫీ. గోళీకాయంత కప్పులో పోస్తారు, తాగి ఇస్తే మళ్ళీ పోస్తారు. ఇచ్చింది మిగల్చడం తప్పని అతను తాగుతూనే ఉన్నాడు. తొమ్మిదో కప్పు దగ్గర నర్సింలు తన ఖాళీ కప్పుని అటూ ఇటూ ఆడించి చూపించాడు. కృష్ణప్రసాద్ కూడా ఆడించాడు. పోయడం ఆగింది. పన్నెండు పాఠాల్లో లేని ఈ ముక్క ముందే తెలిసి ఉంటే గుండె ఇంత దడదడలాడేది కాదు.

పెద్దలు మాట్లాడించారు. ఒకాయన వేళ్ళు చూపిస్తే రెండో పాఠం మొదలుపెట్టి ఒకటి నుంచి వంద దాకా లెక్కపెట్టాడు. నలభై దాటాక అందరూ తాళం వేశారు. మెచ్చుకోవలసి వచ్చినప్పుడు మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకున్నాడు. కదిలించడానికి వీల్లేనివి ఏరుకున్నాడు. గాలి బాగుందన్నాడు. అబూ నాసర్ గడ్డం బాగుందన్నాడు. ఆయన మురిసిపోయి గడ్డం దువ్వుకున్నాడేగాని ఇవ్వలేదు. ఆ ధైర్యంతో కిటికీలోంచి కనబడుతున్న సముద్రం బాగుందన్నాడు.

అబూ నాసర్ ఒక మనిషిని పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. కాసేపటికి రెండు పెట్టెలు పికప్ దగ్గరకి వెళ్ళాయి.

"సముద్రంల చేపలు సార్," అన్నాడు నర్సింలు పైకప్పుతో. "ఐసు ఏసి పెట్టిస్తుండు. మంచి రకం."

భోజనం వచ్చింది. బండిచక్రమంత పళ్ళెం, కొండంత అన్నం, దాని మీద ఒరిగిన మేక. అందరూ చుట్టూ కూర్చున్నారు. పళ్ళెం ఒక్కటే కనక ఎవరి ముందున్నది వాళ్ళు తినాలి. కృష్ణప్రసాద్ ఆలోచించి నర్సింలుని లాగి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అబూ నాసర్ స్వయంగా మెత్తటి ముక్క తీసి కృష్ణప్రసాద్ ముందు పెట్టాడు. కృష్ణప్రసాద్ దాన్ని భక్తిగా తీసి నర్సింలు ముందు పెట్టాడు. ఆయన ఇంకోటి పెట్టాడు. అదీ నర్సింలు ముందుకే జరిగింది. నర్సింలు తలెత్తకుండా తన వంతు పని చేశాడు. ఆరో ముక్క దగ్గర "సార్, నేను మనిషినే," అని గొణిగాడు. "తిను. నా తమ్ముడివి కదూ," అని పళ్ళ మధ్య నుంచి అన్నాడు కృష్ణప్రసాద్. తను మాత్రం పళ్ళెం అంచున పెట్టిన ఖర్జూరాలు నములుతూ, పుల్లటి మజ్జిగ తాగుతూ, కడుపు నిండినట్టు మధ్యమధ్య కళ్ళు మూసుకున్నాడు.

అబూ నాసర్ తినడం ఆపేశాడు. దగ్గరికి వంగి ఈ వరసంతా చూశాడు. పెద్దలకి చూపించి ఏదో అన్నాడు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"మంచి ముక్కలన్ని డ్రైవర్‌కు పెట్టి తాను ఎండు కజ్జూరలు తింటుండు, గిసుంటి మనిషిని సూడలేదు అంటుండు," అన్నాడు నర్సింలు, నోటినిండా మెతుకులతో, పళ్ళెంలోకి చూస్తూ.

బేరం ఇంత బాగా నడుస్తుందని కృష్ణప్రసాద్ కూడా అనుకోలేదు. పొద్దున్నుంచి చేసిన ప్రతి పొరపాటూ అతని ఖాతాలో పుణ్యంగా పడుతోంది. చేతులు కడుక్కుని, అత్తరు రాయించుకుని, కాగితం తీసి రెండు చేతులతో అబూ నాసర్ ముందు పెట్టాడు. "మిన్ ఫద్లక్," అన్నాడు. దయచేసి. మొదటి పాఠం, రెండో పేజీ.

అప్పటికి అరుంధతి బయటికొచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. అబూ నాసర్ కాగితం చదివాడు. జేబులోంచి బంగారు రంగు పెన్ను తీసి, మూత తిప్పి, కాగితానికి దగ్గరగా తెచ్చాడు. ఆ సంతోషంలో, ఆ కంగారులో, నోరు దానంతటదే తెరుచుకుంది.

"హాదా జమీల్!"

పెన్ను కాగితం మీద నుంచి లేచింది. అబూ నాసర్ చిరునవ్వుతో మూత పెట్టి, దాన్ని కృష్ణప్రసాద్ చొక్కా జేబుకి తగిలించాడు.

ఆ ఇంట్లో ఇంకో పెన్ను ఉందో లేదో ఎవరూ వెతకలేదు. అరుంధతి నుదురు పట్టుకుంది. చివరికి అబూ నాసరే గొంతు సవరించుకుని, అతిథి పెన్నుని కాసేపు వాడుకోవచ్చా అన్నట్టు ఎంతో మర్యాదగా చెయ్యి చాపాడు. కృష్ణప్రసాద్ రెండు చేతులతో అందించాడు.

ఈసారి పెన్ను కాగితం మీద ఆనింది. అయితే సంతకం చోట కాదు. ముప్పై రోజులు అని ఉన్నచోట. ముప్పైని కొట్టేసి పదిహేను అని రాశాడు.

కృష్ణప్రసాద్ నర్సింలు వైపు చూశాడు. నర్సింలు పైకప్పు వైపు చూశాడు. "భాష తెల్సె, మర్యాద తెల్సె, చెయ్యి పెద్దది. ఇసుంటోన్ని నెల దినాలు ఇడ్సిపెడ్తె నా కంపెనీ ఏంగావాలె అంటుండు సార్."

బతిమాలాలి. ఏడో పాఠం మేక కడుపులోకీ, మేక నర్సింలు కడుపులోకీ వెళ్ళిపోయాయి. ఉన్న సరుకుతోనే బేరం ఆడాలి. కృష్ణప్రసాద్ చేతులు జోడించి, రెండో పాఠంలోంచి ముప్పై తీసి, మొదటి పాఠంలోని దయచేసి దానికి తగిలించి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా సాగదీసి పలికాడు. "తలాతీన్, మిన్ ఫద్లక్!"

అబూ నాసర్ తొడ మీద చరుచుకున్నాడు. ఎంత శుద్ధంగా పలికాడో వినండన్నట్టు పెద్దల వైపు తిరిగాడు. వాళ్ళూ తలలూపారు. పెన్ను మళ్ళీ వంగింది. పదిహేను పోయి పది వచ్చింది.

"లెక్కలు గూడ మంచిగ వచ్చంటుండు. స్టోరు గూడ మీకే అప్పజెప్తడట."

కృష్ణప్రసాద్ మళ్ళీ నోరు తెరిచాడు.

"ఏవండీ!" అంది గుమ్మం దగ్గర నుంచి అరుంధతి. "తొమ్మిదో రోజున ముహూర్తం. ఇంకొక్క ముక్క మాట్లాడారంటే పెళ్ళి దాటిపోతుంది."

కృష్ణప్రసాద్ నోరు మూశాడు. ఆ నిశ్శబ్దంలో అబూ నాసర్ సంతకం పెట్టాడు. పది రోజులు. తొమ్మిదో రోజు తలంబ్రాలు, పదో రోజు విమానం. ముప్పై రోజుల కోసం వచ్చినవాడు పది దక్కించుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అందరూ లేచారు. అప్పుడు నర్సింలు చొక్కా లోపలి జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన సెలవు కాగితం ఒకటి బయటికొచ్చింది. వినయంగా నాలుగడుగులు వేసి అబూ నాసర్ ముందు పెట్టాడు.

అబూ నాసర్ అతని భుజం తట్టి అరబ్బీలో ఏదో అడిగాడు. సైట్లలో మేస్త్రీలతోనూ సరుకు దింపేవాళ్ళతోనూ పదకొండేళ్ళు అరబ్బీలో గొడవపడిన మనిషి, కళ్ళు పెద్దవి చేసుకుని, దిక్కుతోచనట్టు అటూ ఇటూ చూసి, తల దించుకున్నాడు.

"మాఫీ అరబీ," అన్నాడు. అరబ్బీ రాదు.

అబూ నాసర్ ఇంకోసారి మెల్లగా, విడివిడిగా అడిగాడు. నర్సింలు చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. యజమాని జాలిగా నిట్టూర్చి కృష్ణప్రసాద్‌ని చూశాడు, మళ్ళీ నర్సింలుని చూశాడు. ఇంత మంచి మనిషి పక్కనుండి కూడా నేర్చుకోలేకపోయాడే అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. కృష్ణప్రసాద్‌కి తిరిగిచ్చేసిన పెన్నుని ఆయన ఇంకోసారి అడిగి తీసుకుని, కాగితం మీద ఒక్క అక్షరమైనా కొట్టకుండా సంతకం పెట్టేశాడు.

తిరుగు దారిలో బండిలో ఇత్తడి కూజా, తివాచీ, రెండు పెట్టెల చేపలు, ఖర్జూరాల డబ్బా, ఒక పెన్ను ఉన్నాయి. చేపల వాసనకి అరుంధతి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. పొద్దు వాలుతోంది.

"నీకెన్నాళ్ళిచ్చాడు?" అని అడిగింది, కొంగులోంచి.

"రాసినకాడికి ఇచ్చిండు మేడం. అరవై దినాలు."

"అరవయ్యా!"

"నేను ఉన్నా లేకున్నా ఒకటేనంట." నర్సింలు గేరు మార్చాడు. "పెండ్లి ఫోటోలు పంపుండ్రి మేడం, ఊర్ల సూస్త. చేపలు లేబర్ క్యాంప్‌ల దించనా సార్?"

కృష్ణప్రసాద్ జేబులోంచి ఆ పెన్ను తీసి, మిగిలిన మూడు పాఠాల మీదా అడ్డంగా గీత కొట్టాడు.